మూడు కొటేషన్లు, ఒక ఏడుపు: పాపకి క్లిప్పులు వేయించే ముందు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీరు బెంగుళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటారు, పాపకి 12 ఏళ్ళు, ఏడో క్లాసు. పైపళ్ళు కాస్త ఎత్తు, ఎడమవైపు కోరపన్ను పైకెక్కి కూర్చుంది. ముగ్గురు డాక్టర్లకి చూపించారు. ఒకరు మెటల్ క్లిప్పులు, 45 వేలు, రెండేళ్ళు అన్నారు. ఇంకొకరు అలైనర్లు (పళ్ళకి తొడుక్కునే, తీసి పెట్టుకునే పారదర్శక ప్లాస్టిక్ తొడుగులు), లక్షా ఎనభై వేలు, ఏడాదిలో అయిపోతుంది అన్నారు. మూడో ఆయన నాలుగు పళ్ళు పీకాలన్నారు. అత్తగారేమో ఆడపిల్ల కదా ఇప్పుడే చేయించేయండి అంటున్నారు, మీవారు టెన్త్ అయ్యాక చూద్దాం అంటున్నారు, పాప ఏడుస్తోంది. "ఏది మంచిది, చేయించినవాళ్ళు తర్వాత దేనికి సంతోషపడతారు, దేనికి బాధపడతారు" అని అడిగారు.

నేను ఆర్థోడాంటిస్ట్‌ని, అంటే పళ్ళ వరస సరిచేసే డాక్టర్ని. మాది అనంతపురం జిల్లా, చదువూ ప్రాక్టీసూ బెంగుళూరులోనే, 17 ఏళ్ళుగా మారతహళ్ళి దగ్గర క్లినిక్. నా కుర్చీలో కూర్చునే పిల్లల్లో సగం మంది తెలుగువాళ్ళే, ఇంట్లో తెలుగు, లిఫ్ట్‌లో కన్నడ, స్కూల్లో ఇంగ్లీషు మాట్లాడే రకం. సూటిగా చెప్పేస్తా.

ఆ ముగ్గురిలో పాపతో నేరుగా మాట్లాడింది ఎవరో గుర్తు తెచ్చుకోండి, వాళ్ళ దగ్గరికే మళ్ళీ వెళ్ళండి. ఎవరూ మాట్లాడలేదంటే నాలుగో డాక్టర్ని చూడండి. మెటలా అలైనరా అన్నది దాని తర్వాతి ప్రశ్న. 12 ఏళ్ళకి రెండు మూడు నెలలు ఆగితే కొంపేం మునగదు (కొన్ని కేసుల్లో తప్ప, అవి కింద చెప్తా), పాప ఒప్పుకోకుండా మొదలుపెడితే మాత్రం మునుగుతుంది. అలాగని టెన్త్ అయ్యేదాకా కూడా ఆగొద్దు.

మీ ప్రశ్నలో ఒకటి నా కంటికి తగిలింది, ఏమనుకోకండి. ముగ్గురు డాక్టర్లు ఏమన్నారో రాశారు, అత్తగారు, మీవారు ఏమన్నారో కూడా రాశారు, పాప గురించి మాత్రం "ఏడుస్తోంది" అని ఒక్క ముక్క. దేనికి ఏడుస్తోందో లేదు. మిమ్మల్ని తప్పు పట్టట్లేదండి, నా క్లినిక్‌కి వచ్చే పదిమంది తల్లుల్లో ఎనిమిది మంది ఇలాగే చెప్తారు, నేను కూడా మొదటి ఐదారేళ్ళు ఇలాగే విన్నాను. అమ్మ చెప్తుంది, నేను తలూపుతాను, మధ్యలో కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్న పిల్ల సీలింగ్ ఫ్యాన్ చూస్తూ ఉంటుంది.

అలా నేను చేసిన పొరపాటు ఒకటి చెప్తా, ఇప్పటికీ మర్చిపోలేదు. 13 ఏళ్ళ అమ్మాయి, బాగా చదివే పిల్ల, కూచిపూడి నేర్చుకుంటోంది. వాళ్ళమ్మతో అరగంట మాట్లాడాను, ఎక్స్‌రేలు చూపించాను, ఈఎంఐ కూడా మాట్లాడుకున్నాం, వారం తిరిగేసరికి క్లిప్పులు వేసేశాను. నెలకి వస్తే రెండు బ్రాకెట్లు (వైరుని పట్టుకోవడానికి పన్ను మీద అతికించే చిన్న బిళ్ళలు) ఊడిపోయి ఉన్నాయి. మళ్ళీ అతికించాను. మళ్ళీ నెలకి మూడు. ఇంకో నెలకి మళ్ళీ రెండు. నా జిగురు మీదే నాకు అనుమానం వచ్చి కంపెనీ మార్చాను! వాళ్ళమ్మ పిల్లని తిట్టడం, నేను "ఏం తింటున్నావమ్మా" అని అడగడం, ఆ పిల్ల "ఏం తినలేదు ఆంటీ" అనడం. చివరికి ఒకరోజు వాళ్ళమ్మ పార్కింగ్ కోసం కిందికి వెళ్ళినప్పుడు ఊరికే అడిగాను, నీకు ఇవి ఇష్టమేనా అని. "డిసెంబర్‌లో నా రంగప్రవేశం ఆంటీ, అది అయ్యాక వేయించుకుంటా అన్నాను, ఎవ్వరూ వినలేదు, మీరు కూడా అడగలేదు" అంది. బాల్‌పెన్ మూతితో తనే ఊడగొడుతోంది. ఐదు నెలలు ఆగి ఉంటే సరిపోయేది, మేం ఏడు నెలలు పోగొట్టుకున్నాం. అప్పటికప్పుడు తీసేసి, జనవరిలో మళ్ళీ వేశాను. ఆ తర్వాత ఒక్క బ్రాకెట్ ఊడితే ఒట్టు.

అప్పట్నుంచి కొత్త పిల్లలు వస్తే మొదటి ఐదు నిమిషాలు అమ్మానాన్నల్ని మాట్లాడొద్దని బతిమాలుకుంటా. పిల్లనే అడుగుతా: నీ పళ్ళలో నీకేం నచ్చదు? ఏం నచ్చుతుంది? ఎవరైనా ఏమైనా అన్నారా? క్లిప్పుల గురించి ఏం విన్నావ్? పిల్లల జవాబులు, తల్లిదండ్రుల జవాబులు అసలు కలవవు. ఎనిమిదేళ్ళ పిల్లాడొకడు పళ్ళకి మేకులు కొడతారనుకుని మూడు రాత్రులు నిద్రపోలేదు. ఇంకో అమ్మాయికి ఎత్తుపళ్ళు ఉన్నాయని తల్లి వస్తే, ఆ పిల్లకి వాటి గురించి పట్టింపే లేదు, కింది వరసలో లోపలికి తిరిగిన ఒక్క పన్ను మీదే బెంగంతా, ఎందుకంటే అక్కడ అన్నం ఇరుక్కుంటుంది, లంచ్ తర్వాత నాలుకతో తీసుకుంటుంటే పక్క పిల్ల ఛీ అందట. ఆ పన్ను నా కొలతల్లో చాలా చిన్న విషయం. ఆ అమ్మాయికి మాత్రం అదే అన్నిటికన్నా పెద్దది.

నా అనుభవంలో పెద్దవాళ్ళు లెక్కేసేది: పళ్ళు వరస, ఖర్చు, ఎన్నాళ్ళు, పెళ్ళి. పిల్లలు లెక్కేసేది: నొప్పి, తిండి, ఫ్రెండ్స్ ఏమంటారు, ఫోటోలో నోరు తెరిచి నవ్వొచ్చా. మేం డాక్టర్లం లెక్కేసేది ఈ రెండూ కాదు, అది ఇంకో తమాషా. మాకు డిగ్రీలు, మిల్లీమీటర్లు కావాలి, పైదవడ కింది దవడ ఎక్కడ కలుస్తున్నాయి, ముందుపళ్ళు ఎంత వాలి ఉన్నాయి. మా పరిశోధనలు కూడా ఇలాగే ఉండేవి, ఈ ఫీల్డ్‌లో జరిగిన ట్రయల్స్ ఏం కొలుస్తున్నాయో చూస్తూ 2014లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది, అందులో తేలిందేంటంటే చాలావరకు పళ్ళ, ఎముకల కొలతలే, పేషెంట్ జీవితంలో ఏం మారిందన్నది కొలిచినవి కొద్ది. అంటే నేను "కేసు బ్రహ్మాండంగా ఫినిష్ అయింది" అని ఫోటోలు తీసుకుంటుంటే, ఆ పిల్ల ఇంటికెళ్ళి "నాకు ఆ సందు ఇంకా కనిపిస్తోంది" అని ఏడవొచ్చన్నమాట. ఏడ్చినవాళ్ళు ఉన్నారు.

అత్తగారి మాట గురించి. పెద్దావిడ మంచి కోరే అంటున్నారు, కానీ పాప వినేటట్టు "ఇలా ఉంటే ఎవరు చేసుకుంటారు" అనొద్దని దయచేసి చెప్పండి. ఇదే ఇంట్లో అబ్బాయికి ఎత్తుపళ్ళు ఉంటే "మగపిల్లాడికేంలే" అని వదిలేస్తారు, నిజానికి బంతాటలో మొహం మీద పడి ముందుపన్ను విరగ్గొట్టుకుని వచ్చేది ఎక్కువగా వాళ్ళే. పళ్ళు సరిచేయించకపోతే పిల్ల జీవితాంతం కాన్ఫిడెన్స్ లేకుండా ఉండిపోతుందన్న భయం కూడా వద్దు. బ్రిటన్‌లో కార్డిఫ్‌లో 1981లో 11, 12 ఏళ్ళ పిల్లల్ని వెయ్యి మందికి పైగా పరీక్షించి, 20 ఏళ్ళ తర్వాత వాళ్ళలో దొరికిన మూడోవంతు మందిని మళ్ళీ చూశారు. అవసరం ఉండి కూడా చేయించుకోనివాళ్ళు పెద్దయ్యాక మానసికంగా దెబ్బతిన్నట్టేమీ కనబడలేదు. పళ్ళు సరిచేస్తే పళ్ళు బాగుంటాయి, నవ్వు మీద సంతృప్తి ఉంటుంది, ఆ మాత్రానికే చేయించుకోవచ్చు, తప్పేం లేదు. "మనిషే మారిపోతుంది" అని అమ్మేవాళ్ళ మాటలు మాత్రం నమ్మొద్దు, ఇలా రాస్తే నా వ్యాపారమే పాడవుతుందనుకోండి.

ఇప్పుడు ఆగొచ్చా లేదా అన్నది. ఆగకూడని కేసులు కొన్ని ఉన్నాయి. కోరపన్ను అసలు రాకుండా ఎముకలో అడ్డంగా పడుకుని ఉంటే (మీ పాపకి బయటికొచ్చేసింది కాబట్టి ఆ వైపు భయం లేదు, కుడివైపుది కూడా వచ్చిందో లేదో పళ్ళన్నీ ఒకేసారి కనబడే ఓపీజీ ఎక్స్‌రేలో చూసి అడగండి). ముందుపళ్ళు తిరగబడి పైవి కిందివాటి వెనక పడుతుంటే. పళ్ళు మరీ ఎత్తుగా ఉండి పెదాలు మూసుకోకపోతే, ఎందుకంటే పడ్డప్పుడు మొదట విరిగేవి అవే. కింది దవడ చిన్నగా ఉండి పైపళ్ళు ఎత్తుగా కనబడే రకమైతే, తీసి పెట్టుకునే అప్లయన్స్ ఒకటి ఇస్తాం, అది పిల్ల ఎదిగే వయసులోనే బాగా పనిచేస్తుంది. ఆడపిల్లల్లో ఆ ఎదుగుదల ఊపు సాధారణంగా పెద్దమనిషి అవ్వడానికి ముందు ఏడాదిలో ఉంటుంది, మగపిల్లల్లో ఇంకాస్త లేటు. అందుకే మా డాక్టర్లు "పాప మెచ్యూర్ అయిందా" అని అడుగుతారు, చాలామంది తండ్రులు ఆ ప్రశ్నకి ఇబ్బందిపడి ఫోన్ చూసుకుంటారు, అది ఊసుపోక అడిగేది కాదండి.

అలాగని మరీ చిన్నప్పుడే మొదలుపెడితే మేలనుకోవద్దు. ఏడేళ్ళకి ఒకసారి చూపించమని అమెరికన్ ఆర్థోడాంటిస్ట్‌ల సంఘం చెప్తుంది, చూపించడం వేరు, వేయించడం వేరు. ఎత్తుపళ్ళకి ఎనిమిది తొమ్మిదేళ్ళకే ఒకసారి, మళ్ళీ టీనేజ్‌లో ఇంకోసారి అని రెండు విడతలుగా చేస్తే, కాక్రేన్ (వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి జల్లెడపట్టే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష ప్రకారం ముందుపళ్ళు దెబ్బతినే అవకాశం తగ్గుతుంది, అంతకుమించి చివరి ఫలితంలో తేడా లేదు. ఎనిమిది నుంచి పదకొండేళ్ళ మధ్య పై ముందుపళ్ళు రెండూ విడిపోయి విసనకర్రలా కనబడితే కంగారుపడి వస్తారు, చాలామందికి కోరపళ్ళు దిగాక ఆ సందు దానంతటదే మూసుకుంటుంది. అలాంటివాళ్ళని రెండు వందలు కన్సల్టేషన్ తీసుకుని ఇంటికి పంపేస్తా. వాళ్ళ బామ్మలు చెప్పే "పళ్ళ మధ్య సందు అదృష్టం" మాట ఆ రెండేళ్ళకి బాగా పనికొస్తుంది.

మీవారు టెన్త్ అయ్యాక అంటున్నారు కదా. బోర్డ్ ఎగ్జామ్స్ భయం నాకర్థమవుతుంది, కానీ మన తెలుగువాళ్ళకి టెన్త్ తర్వాత అసలు గండం ఉంది. టెన్త్ అవ్వగానే సగం మంది పిల్లల్ని ఇంటర్‌కి హైదరాబాదో విజయవాడో హాస్టల్లో వేసేస్తారు. అక్కడ ఔటింగ్ నెలకోసారి, అది కూడా పరీక్ష ఉంటే ఉండదు. మధ్యలో వైరు గుచ్చుకుంటే వార్డెన్ నెయిల్ కట్టర్‌తో కట్ చేస్తాడు, జోక్ కాదు, నిజంగా అలా వచ్చిన కేసు చూశాను. ఇంకో ఊళ్ళో డాక్టర్‌కి అప్పజెబుదామంటే ఇంకొకరు మొదలుపెట్టిన కేసు ఎవరూ సంతోషంగా తీసుకోరు, మళ్ళీ ఫీజు. మీ పాప ఇప్పుడు ఏడో క్లాసు, ఈ ఏడాది మొదలుపెడితే తొమ్మిదిలో అయిపోతుంది, టెన్త్‌కి రాత్రి పూట పెట్టుకునే రిటైనర్ (పళ్ళు మళ్ళీ జరిగిపోకుండా పెట్టుకునే తొడుగు) మాత్రమే మిగులుతుంది. మీవారికి ఈ లెక్క చెప్పి చూడండి.

ముగ్గురు మూడు రకాలుగా ఎందుకు చెప్పారు? ముగ్గురిలో ఇద్దరు దొంగలని కాదు. కోరపన్ను పైకెక్కిందంటే దానికి వరసలో చోటు లేదని. ఆ చోటు ఎలా తేవాలన్న దగ్గరే తేడా. కొంచెమే తక్కువైతే వరసని కాస్త వెడల్పు చేసో, పళ్ళ పక్కలు సన్నగా అరగదీసో సర్దొచ్చు. బాగా తక్కువై, పైగా పళ్ళు ఎత్తుగా కూడా ఉంటే, చోటు లేకుండానే వరస చేస్తే పళ్ళన్నీ ఇంకా ముందుకొస్తాయి. అప్పుడే పీకుడు, కోరపన్ను వెనకది, పైన రెండు కింద రెండు. హద్దు మీద ఉండే కేసుల్లో ఇద్దరు మంచి డాక్టర్లు కూడా రెండు మాటలు చెప్పొచ్చు. కాబట్టి "పీకాలా వద్దా" అని అడక్కండి, "పీకకపోతే మా పాప పెదాలు, మొహం ఎలా ఉంటాయి, పీకితే ఎలా ఉంటాయి" అని అడగండి, పాప వినేటట్టు. పై పన్ను పీకితే కళ్ళు దెబ్బతింటాయని మీ అత్తగారు అనొచ్చు, మా అమ్మ కూడా నాతో అనేది, ఎంబీబీఎస్ చదివిన మా పిన్నిగారు కూడా! చూపు నరం వేరు, పళ్ళ నరం వేరు, రెండింటికీ సంబంధం లేదు.

ఏడాదిలో అయిపోతుందన్న మాట మీద ఒక చిన్న లెక్క. పన్ను ఎముకలో జరిగే వేగం నెలకి సుమారు ఒక మిల్లీమీటర్. పీకిన పన్ను వదిలిన సందు దాదాపు ఏడు మిల్లీమీటర్లు. సందు మూయడానికే ఆరేడు నెలలు, దానికి ముందు వరస చేయడం, తర్వాత ఫినిషింగ్. పీకే కేసైతే 18 నుంచి 24 నెలలు అన్నవాళ్ళే నిజం చెప్తున్నట్టు. పీకకుండా చిన్న సర్దుబాటైతే ఏడాది కుదరొచ్చు. ఫలానా బ్రాకెట్ వేస్తే సగం టైంలో అయిపోతుందని, వైబ్రేషన్ మెషీన్ కొంటే తొందరగా కదులుతాయని చెప్తే నవ్వేసి వచ్చేయండి, వాటికి గట్టి ఆధారాల్లేవు.

మెటల్, సిరామిక్, అలైనర్: ఇక్కడ పిండి కొద్దీ రొట్టె అనుకోవద్దు. లక్షా ఎనభై పెట్టినంత మాత్రాన పళ్ళు నాలుగు రెట్లు బాగా రావు. అలైనర్ తీసి బ్రష్ చేసుకోవచ్చు, కనబడదు, మంచిదే, కానీ రోజుకి 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి. స్కూల్లో లంచ్‌కి తీసి టిష్యూలో చుట్టి టేబుల్ మీద పెడతారు, ఆయమ్మ ఊడ్చేస్తుంది. నా దగ్గర ఒక అబ్బాయి ఏడాదిలో ఆరు పారేసుకున్నాడు. బాధ్యతగా ఉండే పిల్లకి ఇవ్వండి, వాటర్ బాటిల్ వారానికోటి పోగొట్టే పిల్లకి వద్దు. ఎక్స్‌రే లేకుండా, మనిషి చూడకుండా ఇంటికే పంపించే అలైనర్లు మాత్రం ఎదిగే పిల్లలకి అసలొద్దు. సిరామిక్ తెల్లగా బాగుంటుందని తీసుకుంటారు, బ్రాకెట్ తెల్లగానే ఉంటుంది, దాని చుట్టూ వేసే పారదర్శక రబ్బరు మాత్రం ఒక్కపూట సాంబారుకి పసుపు పచ్చగా మారిపోతుంది, మన వంటలో పసుపు లేనిదేముంది. తమాషా ఏంటంటే కనబడకూడదని బెంగపడేది ఎక్కువగా అమ్మలే. 12 ఏళ్ళ పిల్లలకి మెటల్ మీద రంగు రబ్బర్లు ఎంచుకోమంటే నా దగ్గర కేటలాగ్ ముందు పది నిమిషాలు కూర్చుంటారు. ఐపీఎల్ టైంలో ఎరుపు స్టాక్ అయిపోతుంది, ఆర్సీబీ పుణ్యమా అని. వాళ్ళ నోట్లో వాళ్ళు ఎంచుకున్నది ఒక్కటైనా ఉంటే ఆ నెలంతా మహా జాగ్రత్తగా చూసుకుంటారు.

నొప్పి విషయంలో అబద్ధం చెప్పొద్దు. "ఏం నొప్పుండదు తల్లీ" అని తీసుకొస్తారు, ఆ రాత్రికి నొప్పి మొదలవుతుంది, ఆ పిల్ల ఇంక మిమ్మల్నీ నమ్మదు నన్నూ నమ్మదు. అతికించేటప్పుడు నొప్పి ఉండదు. నాలుగైదు గంటలకి మొదలై, మర్నాటికి బాగా ఎక్కువై, మూడో రోజు నుంచి తగ్గుతూ, వారానికి దాదాపు పోతుంది. నేను ఈ మాటలే పిల్లలకి చెప్తా, శుక్రవారం సాయంత్రం వేస్తా, శని ఆది ఇంట్లోనే ఉంటారు. మొదటి రెండు రోజులు పెరుగన్నం, ఇడ్లీ, మెత్తటి పప్పన్నం. మా అనంతపురం వాళ్ళకీ ఇక్కడి కన్నడం వాళ్ళకీ ఒక సుఖం ఉంది, రాగి ముద్ద నమలకుండా మింగేదే కదా! చెంపకి గీసుకుంటే మైనం ఇస్తాం, ఉప్పునీళ్ళు పుక్కిలించాలి, నొప్పి బాగా ఉంటే పిల్ల బరువుని బట్టి డాక్టర్ రాసిన పారాసెటమాల్. తినకూడనివి ఏంటంటే జంతికలు, చెక్కలు, చిక్కీ, చెరకు, మొక్కజొన్న పొత్తు కొరకడం, జామకాయ కొరకడం, మటన్ బొమికలు. ముక్కలు కోసుకుని తింటే జామకాయకి ఏం కాదు. సంక్రాంతికి ఊరెళ్ళొచ్చిన వారం నా క్లినిక్‌లో ఊడిన బ్రాకెట్ల జాతర, ఒక్కొక్కరూ "అరిసె ఒక్కటే తిన్నా ఆంటీ" అంటారు. తిట్టను. తిడితే వచ్చేసారి ఊడింది చెప్పకుండా దాస్తారు.

బ్రషింగ్ మీద మాత్రం నేను రాక్షసిని. బ్రాకెట్ చుట్టూ పాచి ఉండిపోతే రెండేళ్ళ తర్వాత తీసేసరికి పళ్ళు వరసగా ఉంటాయి, ఒక్కో పన్ను మీద తెల్ల మచ్చల చట్రం ఉంటుంది. అది పూర్తిగా పోదు. రెండుసార్లు హెచ్చరించాక కూడా శుభ్రం లేకపోతే మధ్యలోనే తీసేస్తానని ముందే చెప్తా, ఒకరిద్దరికి తీసేశాను కూడా.

మన వైపు నుంచి వచ్చేవాళ్ళకి ఒక ముక్క. అనంతపురం, కనిగిరి, నల్గొండ పక్కల పల్లెల్లో నీళ్ళలో ఫ్లోరైడ్ వల్ల పళ్ళ మీద గోధుమ మచ్చలుంటాయి. ఆ పళ్ళకి బ్రాకెట్ మామూలు పళ్ళకి పట్టినంత గట్టిగా పట్టదు, ఎక్కువసార్లు ఊడొచ్చు. ఇంకా ముఖ్యం, క్లిప్పులు మచ్చల్ని పోగొట్టవు. కదిరి వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి, 15 ఏళ్ళు, రెండేళ్ళు ఒక్క అపాయింట్‌మెంట్ తప్పకుండా రాత్రి బస్సెక్కి వచ్చాడు. తీసిన రోజు అద్దం చూసి మాట్లాడలేదు. "మచ్చలు అలాగే ఉన్నాయి మేడం" అన్నాడు చాలాసేపటికి. వాడికి కావాల్సింది మచ్చలు పోవడం, వంకర కాదు. వాళ్ళ నాన్నకి నేను చెప్పానేమో, వాడికి చెప్పలేదు. మచ్చలకి వేరే ట్రీట్‌మెంట్ ఫీజు తీసుకోకుండా చేశాను, కానీ ఆ మొదటి మొహం నాకు గుర్తుండిపోయింది.

డబ్బు విషయంలో తర్వాత బాధపడేవాళ్ళు ఎంత కట్టామని బాధపడరు, చెప్పకుండా పెంచారని బాధపడతారు. కాబట్టి ఆ 45 వేలల్లో ఎక్స్‌రేలు, పీకుడు, ఊడిన బ్రాకెట్లు, చివరి రిటైనర్ ఉన్నాయా, అలైనర్ అయితే మధ్యలో మళ్ళీ కొత్త సెట్ చేయాల్సొస్తే ఎవరి ఖర్చు, ఇవి కాగితం మీద రాయించుకోండి. మామూలు హెల్త్ ఇన్సూరెన్స్‌లో క్లిప్పులు సాధారణంగా రావు. చేసేది ఎండీఎస్ ఆర్థోడాంటిక్స్ (పళ్ళ వరస సరిచేయడంలో పీజీ) చదివినవాళ్ళేనా, ప్రతిసారీ వాళ్ళే చూస్తారా లేక నెలకొక కొత్త మొహమా అన్నది కూడా అడగండి, పిల్లలకి ఇది పెద్దవాళ్ళు అనుకునేదానికన్నా చాలా ముఖ్యం. బడ్జెట్ ఇబ్బందైతే విక్టోరియా హాస్పిటల్ ఆవరణలో గవర్నమెంట్ డెంటల్ కాలేజ్ ఉంది, ప్రైవేట్ డెంటల్ కాలేజీలు కూడా బోలెడు, ఖర్చు బాగా తక్కువ, మీద ప్రొఫెసర్లు ఉంటారు. చిక్కల్లా టైం ఎక్కువ పడుతుంది, చేసే పీజీ స్టూడెంట్ మూడేళ్ళకి వెళ్ళిపోతే ఇంకొకరి చేతికి మారొచ్చు. ఇంకోటి, సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్ దాటి వెళ్ళే క్లినిక్ ఎంత మంచిదైనా 24 సార్లు వెళ్ళాలని గుర్తుపెట్టుకోండి. ఇంటి పక్కనున్న సాదా సీదా మంచి డాక్టరే నయం.

తర్వాత ఎక్కువమంది బాధపడేది ఒక్కదానికే: రిటైనర్ మానేసినందుకు. క్లిప్పులు తీశాక పళ్ళు పాత చోటికి పోవాలని చూస్తాయి. ఆ ప్లాస్టిక్ తొడుగు మొదట్లో రోజంతా, తర్వాత రాత్రిళ్ళు, ఏళ్ళ తరబడి పెట్టుకోవాలి, కింది పళ్ళ వెనక సన్న తీగ అతికిస్తే అది అలాగే ఉండాలి. వేడినీళ్ళలో కడిగితే వంకరపోతుంది, దిండు పక్కన పెడితే కుక్కపిల్ల నమిలేస్తుంది. ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో మళ్ళీ వచ్చే పిల్లలు నాకు ప్రతి జూన్‌లోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు, పాపం మొహం చూపించలేక మాస్కు వేసుకుని వస్తారు. మొదలుపెట్టే రోజే పాపకి ఈ సంగతి చెప్పమనండి.

సంతోషపడేది దేనికంటే, తీసిన రోజు నేను అద్దం ఇచ్చేలోపే పిల్లలు నాలుక తిప్పుకుంటారు. "జారిపోతున్నాయి ఆంటీ" అంటారు అందరూ, అదే మాట. అద్దం తర్వాత. ఆ పూట ఏం తింటావంటే చాలామంది చెప్పేది మొక్కజొన్న పొత్తు. తల్లులు "వరస బాగా వచ్చింది" అంటారు, తండ్రులు "ఇంక రావక్కర్లేదా" అంటారు. నా దగ్గరికి వాళ్ళ తమ్ముళ్ళని, చెల్లెళ్ళని తీసుకొచ్చిన కుటుంబాలని ఎందుకొచ్చారని అడిగితే పళ్ళ గురించి తక్కువ చెప్తారు, "చెప్పిన టైంకి అయింది, ఆలస్యమైతే ఎందుకో చెప్పారు, పిల్ల భయపడకుండా వచ్చేది" అంటారు.

ఇక మీరు చేయాల్సింది. ఈ శనివారం పాపని ఒక్కదాన్నే ఎక్కడికైనా తీసుకెళ్ళండి, దోసె తినిపించండి, అత్తగారూ మీవారూ లేకుండా. వేయించుకుందామా అని అడక్కండి, అలా అడిగితే వద్దంటుంది. దేనికి ఏడుపొస్తోందో అడగండి. పీకుడు ఇంజెక్షనా, క్లాసులో ఎవరైనా ఏమైనా అన్నారా, స్కూల్లో యాన్యువల్ డే ఉందా, పానీపూరి తినకూడదని ఎవరైనా చెప్పారా (తినొచ్చు, నమిలేటప్పుడు పూరీ నానితే చాలు). ఆ కారణంతో డాక్టర్ దగ్గరికి వెళ్ళి పాపనే అడగనివ్వండి. ఆమె ప్రశ్నకి డాక్టర్ మీవైపు తిరిగి జవాబు చెప్తే లేచి వచ్చేయండి.

పాప ఫోటోలు, ఎక్స్‌రేలు ఇక్కడ పెట్టకండి, పిల్ల మొహం ఇంటర్నెట్‌లో ఎందుకు. దేనికి ఏడుస్తోందో ఆమె మాటల్లోనే కింద రాయండి, నేను చూస్తూ ఉంటా.